ఏకాకి పాత్రక్రీడ: ప్రశ్నలక్షణవిచారము

ఒక్కఁడే కూర్చుండి, పాచికలు వేసి, పడిన ఫలమును గాగితముపై వ్రాసికొనుచు, కల్పితమైన యొక పాత్రయొక్క చరితమును నడపుట యను వినోదము పాశ్చాత్యదేశములయందుఁ బుట్టి, నేఁడు మనదేశమునను గొందఱిచే నాదరింపఁబడుచున్నది. ఆంగ్లమున దీనికి సోలో రోల్‌ప్లేయింగ్ గేమ్ అని పేరు. ఈ వ్యాసమున దీనిని ఏకాకి పాత్రక్రీడ యని వ్యవహరింతును. సాహిత్యపరిశోధనకై యేర్పడిన పత్రికలో ఆటల ప్రసంగ మేల యని చదువరులు శంకింపవచ్చును. ఈ యాటకు ఫలము గెలుపు గాదు, ధనము గాదు. ఆట ముగియునప్పటికి ఆడినవాని చేతిలో మిగులునది యొక కథ. కథ పుట్టుచోట సాహిత్యవిమర్శకున కధికారము కలదు. అంతియకాక, ఆ కథకుఁ గర్త యెవఁడు, అందలి యనూహ్యత యెక్కడనుండి వచ్చును, తన్నుఁ దానే యాశ్చర్యపఱచుకొనుట సాధ్యమా యను ప్రశ్నలు మన శాస్త్రములకుఁ బరిచితములైనవే.

ఈ క్రీడ నారంభింపఁదలఁచువారి కుపకరించు గ్రంథములు పెక్కులు వెలువడినవి. వానిలో మూఁటిని బరిశీలించి, ఈ యాటకుఁ బ్రాణభూత మేదియో నిర్ణయించుట యీ వ్యాసప్రయోజనము. నా నిర్ణయ మిది: పాచిక గాదు, పట్టిక గాదు, ప్రశ్నయే ప్రాణము. ప్రశ్న యడుగ నేర్చినవాఁడే యాడ నేర్చినవాఁడు.

క్రీడాస్వరూపము

పలువురు కూడి యాడు పాత్రక్రీడలో ఒక్కొక్కఁ డొక్కొక్క పాత్రను ధరించును. వేఱొకఁ డధ్యక్షుఁడై లోకమును వర్ణించును. ఇతరపాత్రల మాటలు తాను పలుకును. మూసిన తలుపు వెనుక నేమున్నదో యతనికిఁ దెలియును, పాత్రధారులకుఁ దెలియదు. "నేను తలుపు తెఱచెదను" అని పాత్రధారి చెప్పును. అధ్యక్షుఁడు ఫలమును జెప్పును. ఫలము సందిగ్ధమైనచోఁ బాచిక వేయుదురు. ఈ జాతి క్రీడలలో మొదట అచ్చుపడి విక్రయింపఁబడినది డంజన్స్ అండ్ డ్రాగన్స్. దానిని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను వారిరువురు 1974వ సంవత్సరమున అమెరికాలోఁ బ్రకటించిరి. బొమ్మసైన్యములతో బల్లపై నాడు యుద్ధక్రీడలనుండి యిది పుట్టినది. సైన్యమునకు మాఱుగా ఒక్కొక్క వ్యక్తి నడపఁబడుటయే యిందలి విశేషము.

అధ్యక్షుఁడు లేనిచో నెట్లు? ఈ సందేహము ఆట పుట్టిన మఱుసటి యేఁటనే కలిగినది. 1975 వసంతమున వెలువడిన ది స్ట్రాటజిక్ రివ్యూ అను పత్రిక మొదటి సంచికలోనే, ఒంటరిగా నాడఁగోరువాఁడు నేలమాళిగలలోని గదులను, దారులను బాచికలతోఁ గల్పించుకొను పట్టికలను గైగాక్స్ ప్రకటించెను. 1976లో రిక్ లూమిస్ రచించిన బఫెలో కాసిల్ వచ్చెను. ఇది కెన్ సెంట్ ఆండ్రీ నిర్మించిన టనల్స్ అండ్ ట్రోల్స్ అను క్రీడకు సంబంధించినది. ఒంటివానికై ప్రత్యేకముగా అచ్చయిన సాహసగ్రంథములలో మొదటిదిగా నెన్నఁబడుచున్నది. 1982లో ఇంగ్లండున స్టీవ్ జాక్సన్, ఇయన్ లివింగ్‌స్టన్ అనువారు రచించిన ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్ అను గ్రంథమున 400 ఖండికలు గలవు. చదువరి యొక ఖండికను జదివి, కుడిదారిఁ బోవఁదలఁచిన నొక సంఖ్యకును, ఎడమదారిఁ బోవఁదలఁచిన వేఱొక సంఖ్యకును బోవును.

వైయాకరణులు క్రియను సిద్ధమనియు, సాధ్యమనియు రెండు విధములఁ జూతురు. "పాకము" అన్నప్పుడు వంట యొక వస్తువువలె సిద్ధరూపమునఁ దోఁచును. "వండుచున్నాఁడు" అన్నప్పు డది క్రమముగా జరుగుచు సాధ్యరూపమునఁ దోఁచును. 400 ఖండికల గ్రంథము సిద్ధకథ. దారు లెన్ని యున్నను అవి యన్నియు గ్రంథకర్త ముందే వేసినవి. చదువరి యెంచుకొనునే కాని కల్పింపఁడు. ఆటకాఁడు కథకుఁ గర్త కావలయునన్నచోఁ గథ సాధ్యరూపమున నుండవలయును. అట్టి మార్పును దెచ్చిన గ్రంథములలోఁ బ్రముఖమైనది 2003లో వెలువడిన మిథిక్. దానిఁ బరీక్షించుటకు ముందు ఈ క్రీడపైఁ బండితులు చేయఁదగిన యాక్షేపములను విచారింతము.

పూర్వపక్షములు

పాచిక యన్నంతనే మనకు నలుఁడును ధర్మరాజును దలఁపునకు వత్తురు. జూదరి దుర్దశను జెప్పు సూక్తము ఋగ్వేదమునందే కలదు. కావునఁ బాచికలతో నాడునది జూదమే యని మొదటి యాక్షేపము. దీనికి సమాధానము సులభము. జూదమునకు లక్షణము పణము గాని పాచిక గాదు. పణ మున్నచోఁ బాచిక లేకున్నను జూదమే. పణము లేనిచోఁ బాచిక యున్నను జూదము గాదు. ఈ క్రీడలో ఒడ్డునది లేదు. గెలిచి పుచ్చుకొనుట కెదుటివాఁడును లేఁడు.

మఱియుఁ బాచికను బ్రశ్నార్థమై వాడుట మనకుఁ గ్రొత్త గాదు. గర్గకృతమని చెప్పఁబడు పాశకకేవలి యను సంస్కృతగ్రంథము కలదు. మధ్యాసియాలోని కూచాప్రాంతమునఁ దొరకి 1890లో బవర్ అను సైనికోద్యోగి చేతికి వచ్చిన భూర్జపత్రగ్రంథమునందును ఈ జాతి ప్రకరణములు రెండు గలవు. దానిని హోర్న్లె పండితుఁడు పరిష్కరించి ప్రకటించెను. ఒకటి మొదలు నాలుగువఱకు నంకెలుగల పాశకమును మూఁడుమాఱులు వేసినచో 64 విధములైన సంఖ్యలు పడును. సంఖ్యను బట్టి ఫలవాక్యము చెప్పఁబడును. అయినను భేదము గుర్తింపఁదగినది. పాశకకేవలి నడుగువాఁడు తన భవిష్యత్తు నడుగును; ఫలము సత్యమని నమ్మును. పాత్రక్రీడలో అడుగువాఁడు కల్పితపాత్రయొక్క గతి నడుగును. ఫలమును సత్యమని కాక, కథకుఁ బ్రమాణమని గ్రహించును. అక్కడ నున్నది విశ్వాసము. ఇక్కడ నున్నది తనతోఁ దాను చేసికొనిన యొడంబడిక.

పాచికయే కథను నిర్ణయించుచో నాటకానికిఁ గర్తృత్వ మెక్కడిదని రెండవ యాక్షేపము. ఇచట నాటకాఁ డనఁగాఁ బాచిక వేయువాఁడు. క్రియయందు స్వతంత్రుఁడుగా వివక్షింపఁబడినవాఁడు కర్త యనియు, క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది కరణ మనియుఁ బాణిని మతము. చెట్టును దెగవేయునది గొడ్డలియే యైనను నఱకువాఁడే కర్త. "ఈ గొడ్డలి చక్కఁగా నఱకుచున్నది" అని కరణమునందే కర్తృత్వమును వివక్షించుట లోకమునఁ గలదు. "పాచిక యిట్లు చెప్పినది" అను ఆటకాండ్ర మాటయు నట్టిదే. ఏమి యడుగవలయునో, ఎప్పు డడుగవలయునో, వచ్చిన ఫలమున కర్థ మేమో నిర్ణయించువాఁడు పురుషుఁడు. పాచిక తనంతఁ దా నేమియుఁ జెప్పదు, అడిగినప్పుడే పలుకును.

మూఁడవ యాక్షేపము బలమైనది. ఎదుట నొకఁడైన లేక, ఒంటరిగాఁ గథ కల్పించుకొనుట మనోరాజ్యమే కాదా? పిండికుండను వ్రేలఁగట్టి దానిక్రిందఁ బరుండి సంసారము నూహించుకొనిన పంచతంత్రపు బ్రాహ్మణుఁడును ఏకాకియే, కథాకల్పకుఁడే. నిజమే. కాని యా బ్రాహ్మణుని యూహలో ధాన్యము ధర తగ్గదు, మేఁకలు చావవు, పెండ్లి తప్పదు. కోరినదెల్ల నగుటయే మనోరాజ్యలక్షణము. అందుచేతనే యందుఁ గథ లేదు. ఎదురులేనిచోఁ గథ నడవదు. పాత్రక్రీడలో లోకము "కాదు" అని చెప్పఁగలదు. కోరనిది సంభవించును, సంభవించినదాని నంగీకరించి తరువాతి యడుగు వేయవలయును.

అయినను ఈ భేదము స్వయంసిద్ధము గాదని గ్రహింపవలయును. వచ్చిన ఫలము నచ్చక పాచికను మఱల వేసినవాఁ డాక్షణముననే క్రీడను విడిచి మనోరాజ్యమునఁ బ్రవేశించుచున్నాఁడు. చూచువాఁడు లేఁడు, దండించువాఁడు లేఁడు, నవ్వువాఁడైన లేఁడు. సాక్షి లేనిచోట నియమమును బాలించుట యీ యాటకుఁ బరీక్ష. ఇది పిల్లలయాట యని త్రోసివేయువారు ఈ యంశమును జూడలేదు. తన కిష్టమైన పాత్ర యాపదలోఁ జిక్కినప్పుడు, ఒక్క పాచికను ద్రిప్పివేసినచో రక్షింపఁగలిగియు, రక్షింపక యా దుఃఖమును వ్రాయుట కవికిఁ గావలసిన నిష్ఠ. ఆ నిష్ఠను కాగితముపై నభ్యసింపఁజేయు వినోదమును మనము తేలికగాఁ జూడరాదు.

అవధానముతోఁ బోలిక

మన సాహిత్యమున ఈ క్రీడకు మిక్కిలి దగ్గఱగా నుండునది యవధానము. తిరుపతి వేంకటకవులు పట్టణమునుండి పట్టణమునకు నడపిన యవధానసభలచేఁ దెలుఁగునాట నీ ప్రక్రియ సర్వజనవిదితమైనది. దాని యంగములను నాలుగింటిని దలఁపునకుఁ దెచ్చుకొందము. పృచ్ఛకుఁడు పరస్పరసంబంధము లేని పదముల నిచ్చి, యొక విషయముపైఁ బద్యమున వానిని బొందుపఱపు మనుట దత్తపది. విరుద్ధార్థముగాఁ దోఁచు పాదము నిచ్చి పూరింపు మనుట సమస్య. అవధాని వేయఁబోవు నక్షరము నూహించి దానినే నిషేధించుట నిషిద్ధాక్షరి. ఏకాగ్రతను జెడఁగొట్టుటకై నడుమ నడుమఁ దలఁపని మాటలాడుట యప్రస్తుతప్రసంగము.

ఏకాకి పాత్రక్రీడాగ్రంథములు చేయుచున్నదియు నిదియే. రెండుపట్టికలనుండి యొక క్రియాపదమును, ఒక విషయపదమును బాచికచేఁ దీసి, వాని నర్థవంతముగాఁ గలుపుమనుట దత్తపది. "అవును" అనరాని చోట "అవును" పడినప్పుడు హేతువును గల్పించుట సమస్యాపూరణము. తలఁచిన ఘట్టమును నిషేధించి వేఱుమార్గమునఁ బొమ్మనుట నిషిద్ధాక్షరి. సంబంధము లేని సంఘటన యొకటి నడుమఁ దెచ్చిపెట్టుట యప్రస్తుతప్రసంగము. భేద మొక్కటియే. అక్కడఁ బృచ్ఛకులు వేఱు, అవధాని వేఱు, సభ సాక్షి. ఇక్కడ నా యిరువురును ఒక్కఁడే. కావుననే యితఁడు తనకుఁ దాను పృచ్ఛకుఁడుగా నుండు నేర్పును మొదట సంపాదింపవలయును. అవధానమున సమర్థుఁడగు పృచ్ఛకుఁడు లేనిచో నవధాని ప్రతిభ వెలువడదని పెద్ద లెఱుఁగుదురు. ఇక్కడ నది రెండింతలు సత్యము.

ప్రశ్నలక్షణము

అట్లయిన మంచిప్రశ్న యెట్టిది? వాక్యార్థబోధమునకు శాస్త్రకారులు చెప్పిన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడింటినే ప్రశ్నకును లక్షణములుగాఁ జెప్పనొప్పును.

ఆకాంక్ష యనఁగా నుత్తరము దెలియకున్నఁ గథ నడవమి. తెలిసినను దెలియకున్నను గథ యొక్కతీరుననే పోవుచో నా ప్రశ్నకుఁ బాచిక వేయరాదు. "ఆమె కట్టిన చీర పచ్చనిదా?" యనుదానికి నుత్తరము వలన నేమియు మాఱనిచో, తోఁచినట్లు వ్రాసికొని ముందునకుఁ బోవలయును.

యోగ్యత యనఁగా "అవును", "కాదు" అను రెండుత్తరములును కథలో నిలువఁదగియుండుట. నిప్పుతోఁ దడుపుచున్నాఁడను వాక్యము యోగ్యత లేక చెడినట్లు, ముందే స్థిరపడిన విషయమునకు విరుద్ధమైన యుత్తరము రాఁదగిన ప్రశ్నయుఁ జెడును. నది నిండుగాఁ బాఱుచున్నదని వ్రాసికొనిన పిదప నదిలో నీరున్నదా యని పాచిక నడుగుట తప్పు. ఇందే మఱియొక సూక్ష్మము కలదు: రెండుత్తరములలో నొకదానిచేఁ గథ యాగిపోవుచో నా ప్రశ్నయు నయోగ్యమే. "గుహకు ద్వార మున్నదా?" యని యడిగి "లేదు" అని పడిన, గుహయుఁ బోయినది, కథయుఁ బోయినది. "ద్వారమును గాచువారు గలరా?" యని యడిగిన నెట్లు పడినను గథ నడచును.

సన్నిధి యనఁగా నిప్పుడు జరుగుచున్న ఘట్టమునకు దగ్గఱగా నుండుట. పాత్ర నదియొడ్డున నిలిచి యుండఁగా నూఱేండ్ల క్రిందటి రాజవంశమునుగూర్చి యడుగుట సన్నిధి లేని ప్రశ్న. క్రొత్తవారు మొదట లోకమునంతయు నిర్మించి, తరువాతఁ బాత్రను దింపఁబూని, యాట మొదలుపెట్టక మున్నే యలసిపోవుట కిదియే కారణము. లోకము ప్రశ్నవెంట వచ్చునది. ప్రశ్నకు ముందు రావలసినది గాదు.

గ్రంథపరీక్ష

ఈ లక్షణములను గ్రంథములయందు శోధింతము. టానా పిజన్ రచించిన మిథిక్ 2003లో వెలువడినది. దాని ప్రశ్నవిధానము రెండవకూర్పుగా 2023లో వచ్చినది. ఆటకాఁడు "అవును", "కాదు" అను సమాధానములు గల ప్రశ్న వేసి, అది యెంతవఱకు సంభావ్యమో తానే నిర్ణయించును. ఒకటి మొదలు తొమ్మిదివఱకుఁ గల యవ్యవస్థాంక మొకటి యుండును; ఆట యయిదుతో మొదలగును; ఘట్టాంతమునఁ బరిస్థితి పాత్రచేయి దాఁటినచో నొకటి పెరుగును, చేతిలో నున్నచో నొకటి తగ్గును. సంభావ్యతయు నీ యంకమును గలిసిన చోట నూటికి నెంత పడిన "అవును" అగునో పట్టిక చెప్పును. విశేషమైన "అవును", విశేషమైన "కాదు" అను ఫలములును గలవు. ప్రతిఘట్టమునకు ముందును బదిముఖముల పాచిక వేయుదురు. అవ్యవస్థాంకమునకు మించనిది పడెనేని, బేసిసంఖ్యయైనఁ దలఁచిన ఘట్టము మాఱును. సరిసంఖ్యయైన వేఱొకటి యడ్డు వచ్చును.

ఇది శుద్ధమైన లక్షణగ్రంథము. ఏ దేశకథకైనను, ఏ కాలకథకైనను జెల్లును. కోశము లేని వ్యాకరణము వంటిది. సర్వత్ర వ్యాపించుట గుణమే. దోష మొకటి కలదు. అవ్యవస్థాంకము పెరిగినకొలఁది "అవును" పడు నవకాశము హెచ్చును. ఒకే సందేహమును "కావలివాఁడు మేల్కొని యున్నాఁడా?" యనియు, "నిద్రించుచున్నాఁడా?" యనియు రెండుతీరుల నడుగవచ్చును. విషయ మొక్కటియే యయ్యు నడిగిన తీరునుబట్టి ఫలము మాఱును. కావున నాపద ముదిరినప్పుడు తనకు మేలగు తీరున నడుగువాఁ డాపదవలననే లాభము పొందును. నియమమును మీఱకయే నియమమును వంచించుట కిది దారి. గ్రంథదోషమే యైనను, ప్రశ్నవాక్యనిర్మాణమున కెంత శక్తి గలదో యిది చూపుచున్నది.

రెండవది షాన్ టాంకిన్ రచించి 2018లోఁ బ్రకటించిన ఐరన్‌స్వోర్న్. దీని యంకప్రతి యుచితముగా నీయఁబడినది. క్రొత్తవారి కిది యొక సౌలభ్యము. చలిదేశమున, చేత నినుము పట్టుకొని ప్రతిజ్ఞ చేసినవారి కథ లిందు వస్తువు. మిథిక్ కేవలలక్షణము కాఁగా, ఇది లక్ష్యముతోఁ గూడిన లక్షణము. పాత్రకుఁ జుఱుకుఁదనము, హృదయము, బలము, గూఢత, బుద్ధి యని యైదు గుణములు. వానికి 3, 2, 2, 1, 1 అను నంకెలను దన యిచ్చవచ్చినట్లు పంచుకొనవలయును. సాహసకార్యమునకు ఆఱుముఖముల పాచికనొకదానిని వేసి, పడిన సంఖ్యకు గుణాంకమును గలుపుదురు. దానిని బదిముఖముల పాచికలు రెండింటితోఁ బోల్చుదురు. రెండింటికిని మించినఁ బూర్ణసిద్ధి. ఒక్కదానికే మించిన నర్ధసిద్ధి. దేనికిని మించనిచో నసిద్ధి. సమానమైన మించినట్లు గాదు.

ఇందలి గణితమును జూచుట యుక్తము. ఈ మూఁడుపాచికలు 600 విధములఁ బడును. గుణాంకము 2 అయినప్పుడు, ఇతరమైన చేర్పులు లేనిచో, 139 విధములఁ బూర్ణసిద్ధియు, 262 విధముల నర్ధసిద్ధియు, 199 విధముల నసిద్ధియుఁ గలుగును. గుణాంకము 3 అయినచోఁ బూర్ణసిద్ధి 199, అసిద్ధి 139 అగును; అర్ధసిద్ధి 262గానే నిలుచును. అనఁగా రెండుచోటులను మిక్కిలి తఱచుగా వచ్చునది యర్ధసిద్ధియే. కార్య మయినది, కాని యేదో కోలుపోవలసినది. "కాని" యను నీ యవ్యయమునందే కథయంతయు నున్నది. పూర్ణసిద్ధి కథను ముగించును, అసిద్ధి యడ్డగించును, అర్ధసిద్ధి నడపును. ఈ నిర్మాణము గ్రంథకర్త కథామర్మ మెఱిఁగినవాఁ డని చాటుచున్నది. ప్రతిజ్ఞ యను ఫలాకాంక్ష మొదటనే యుండుటచేఁ బ్రతిప్రశ్నయు దానివైపునకే తిరిగి, ఆకాంక్ష యను లక్షణము సహజముగా సిద్ధించుట రెండవగుణము. నియమముల సంఖ్య కొంత యధికమగుట దోషము. క్రొత్తవాఁడు పుట లెన్నియో త్రిప్పి కాని మొదటి యడుగు వేయఁజాలఁడు.

మూఁడవది టిమ్ హచింగ్స్ రచించిన థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్. రక్తపానముచే వేయేండ్లు జీవించు పిశాచము తన చరితమును దాను వ్రాసికొనుట వస్తువు. ఇందు "అవును, కాదు" అను పట్టిక లేదు. పదిముఖముల పాచికలోనుండి యాఱుముఖముల పాచికను దీసివేసి, మిగిలిన సంఖ్యనుబట్టి ముందునకో వెనుకకో జరిగి, అక్కడి ప్రేరణవాక్యమునకు సమాధానము వ్రాయవలయును. స్మృతులు అయిదు మాత్రమే. ఒక్కొక్కస్మృతిలో మూఁడనుభవములకే చోటు. నిండిన పిమ్మట క్రొత్తయనుభవము వచ్చినచో, ప్రాఁతస్మృతి నొకదానిని గొట్టివేయవలయును. దినచర్యాపుస్తకము నొకదానిని గల్పించుకొని నాలుగుస్మృతులవఱకు దాఁచవచ్చును. ఆ పుస్తకమును బోఁగొట్టుకొనుటయుఁ గలదు. తల్లిపేరు నిలుపుకొందునా, తాను చేసిన ద్రోహమును నిలుపుకొందునా యని యాటకాఁడు కలము పట్టుకొని యాలోచింపవలసివచ్చును. ఇక్కడఁ బ్రశ్నను గ్రంథమే వేయును గాని, యేది మఱవవలయునను గొప్పప్రశ్నను మాత్ర మాటకానికే విడుచును. ఈ మూఁటిలోఁ గరుణరసమున కిదియే పుట్టినిల్లు. బీభత్సవస్తువగుటచే బాలురకుఁ దగదు. క్రొత్తవానికిఁ బ్రథమగ్రంథముగాను నేను దీనిని జెప్పను.

ఆరంభించు విధము

ఈ విచారమువలన ఆరంభవిధి యేర్పడుచున్నది. గ్రంథములను గూడఁబెట్టుటచే నీ యాట రాదు. పట్టికపైఁ బట్టిక చేర్చుకొని యొక్కదినమైన నాడనివారు, సూత్రములన్నియు వల్లించి యొక్కవాక్యమైనఁ బ్రయోగింపని వైయాకరణునివంటివారు. ఒక్క గ్రంథము, ఒక్క పాత్ర, ఒక్క ప్రతిజ్ఞ, ఒక్క స్థలము చాలును. ప్రశ్నను బాచికకు ముందు కాగితముపై వ్రాయవలయును, ఇది ముఖ్యనియమము. వ్రాసిన ప్రశ్నయే సభలేని యీ యవధానమునకు సాక్షి. నోట ననుకొన్న ప్రశ్న ఫలము పడినవెంటనే రూపు మార్చుకొనును.

ఉదాహరణముగా ఐరన్‌స్వోర్న్ పద్ధతి నొక ఘట్టమును జూపుదును. పాత్ర యొక వైద్యురాలు. మంచు పడకమున్నే నదికావలి యూరినుండి యోషధిని దెత్తునని ప్రతిజ్ఞ చేసినది. నదియొడ్డునఁ బడవవాఁ డున్నాఁడు. పూర్వ మీమె తల్లి వైద్యము చేయుచుండఁగా వాని కొడుకు మరణించెను. "ఇప్పుడేమి జరుగును?" అనునది ప్రశ్న గాదు, దానికి రూపము లేదు. "పడవవాఁడీమెను గుర్తించెనా?" అనునది ప్రశ్న. గుర్తించినఁ బగ, గుర్తింపకున్న రహస్యము, రెండింటను గథ కలదు. సంభావ్యమని యెంచితిమేని, నూటిలో 26 గాని యంతకు మించి గాని పడిన "అవును". పడినది 19. గుర్తింపలేదు. ఎవరో బాటసారి యనుకొని, వాఁడు దయతోఁ బడవ యెక్కించుకొని, తన కొడుకు చచ్చిన కథను తానే చెప్పఁజొచ్చెను. పగకంటె నిది బరువైన ఘట్టము. దీనిని నేను ముందు తలఁపలేదు, పాచికయుఁ దలఁపలేదు, ప్రశ్నకును "కాదు" అను మాటకును నడుమఁ బుట్టినది.

ఇప్పు డామె నిజము చెప్పఁబూనెను. హృదయగుణము 2; ఆఱుముఖముల పాచిక 4; మొత్తము 6. ఎదుటి పాచికలు 3, 8. ఒక్కదానికే మించినది గనుక నర్ధసిద్ధి. వాఁడు మాటాడక తెడ్డు వేసి యావలియొడ్డునకుఁ జేర్చెను. కాని తిరుగుప్రయాణమునఁ దన పడవ యెక్కవలదనెను. ఓషధి దొరకినను నది దాఁటు టెట్లు? తరువాతి ఘట్టమునకుఁ బ్రశ్న తనంతనే సిద్ధమైనది. ఒక సాయంకాలమున కింత చాలును.

ఫలము పూర్వకథకు విరుద్ధముగాఁ బడినచో నేమి చేయవలయును? పరస్పరవిరుద్ధములైన సూత్రములు సమబలములై యొకచోటఁ బ్రసక్తించినప్పుడుఁ బరసూత్రము ప్రవర్తించునని వ్యాకరణమర్యాద. ఇక్కడ దానికి విపరీతముగాఁ బూర్వమే బలీయము. వ్రాసినది నిలుచును, క్రొత్తఫలమునకే తదనుగుణమైన యర్థమును వెదకవలయును. వెదకినను దొరకనిచోఁ బ్రశ్నయే యోగ్యత లేనిదని యెఱిఁగి, దానిని గొట్టివేసి వేఱుప్రశ్న వేయవచ్చును. ప్రశ్నను మార్చుట తగును. ఫలమును మార్చుట తగదు.

తెలుఁగుపండితులు చేయఁదగిన పని

కడపట నొక సూచన. ఐరన్‌స్వోర్నునందుఁ గ్రియాపదముల పట్టిక నూఱు, విషయపదముల పట్టిక నూఱు గలవు. వాని కూడికలు 10,000. అవి యాంగ్లపదములు, ఆంగ్లభాషాసంస్కారముతోఁ గూడినవి. ఆ పదములను భాషాంతరీకరించుటకంటె మన నుడికారమునుండి క్రొత్తగాఁ గూర్చుట మేలు. ఒడ్డుట, మొక్కుట, అలుగుట, దాఁచుట, తీర్చుట, వెలివేయుట మొదలగు నూఱు క్రియలను. బాకీ, పుట్టినిల్లు, ఏటికాలువ, ఆన, పొలిమేర, శకునము మొదలగు నూఱు నామములను బాఠశాలలోని బాలురచేతనే యేరింపవచ్చును. "అలుగుట", "పొలిమేర" అను రెండుమాటలు కలిసినంతనే యొక కథ తలయెత్తుచున్నది గదా. పదిముఖముల పాచిక దొరకనిచో, సున్న మొదలు తొమ్మిదివఱకు నంకెలు వ్రాసిన పదిచీట్లలో నొకటి తీసి, మఱలఁ గలిపి, రెండవమాఱొకటి తీసినఁ జాలును. సున్నయు సున్నయు వచ్చిన నూఱని గ్రహింపవలయును. పదజ్ఞానము, వాక్యరచన, కథాసంవిధానము అను మూఁడును గంఠపాఠములేక యలవడుటకు నిది మంచి యుపాయము. గుంపులోఁ బలుక సిగ్గుపడు బాలుఁ డొంటరిగాఁ గూర్చుండి వ్రాయఁగలఁడు.

ఆ వ్రాసినదానిని దిద్దునప్పుడు ఉపాధ్యాయుఁడు కథ బాగున్నదా యని మాత్రము చూడక, ప్రశ్నలను జూడవలయునని నా మనవి. ఆకాంక్షలేని ప్రశ్న యెక్కడ వేసెను, అయోగ్యమైన దానిని వేసి కథ నెక్కడ నాఁపెను, ఫలము చేదైనచోట దానిని మ్రింగెనా, కొట్టివేసెనా యని పరీక్షించినచో, బాలుని బుద్ధియు శీలమును గూడఁ దెలియును. ప్రశ్నోత్తరరూపమున నడచిన వాఙ్మయము మనకుఁ దక్కువ గాదు. ఉత్తరములు చెప్పుటనే నేర్పుచున్న నేఁటి చదువులో, ప్రశ్న వేయుటను నేర్పునది యే వేషమున వచ్చినను స్వాగతార్హమే. విద్వాంసులు పక్షపాతము మాని దీనిని విచారింతురు గాక.